గోరంత గుట్ట

ఆ ఎండాకాలం మా అత్త కుడిచెయ్యి మండలంలో అందరికీ కావలసి వచ్చింది.

మండల పరిషత్తుకు ఉన్న అధ్యక్షురాలు ఏప్రిల్‌లో రాజీనామా చేసింది. కొత్త అధ్యక్షురాలిని సభ్యులే చేతులెత్తి ఎన్నుకోవాలి. పన్నెండు మందిలో ఐదుగురు మండలంలో పెద్ద నాయకుడైన కొండారెడ్డి వైపు, ఐదుగురు ఆయనకు పడని వర్గం వైపు. మిగిలిన ఇద్దరూ సొంతంగా నిలబడి గెలిచిన ఆడవాళ్ళు. ఒకరు రేగడిపల్లె సభ్యురాలు, మా అత్త తిరుపాలమ్మ. ఇంకొకరు కొత్తకుంట సభ్యురాలు అజ్మత్ బీ.

గెలిచింది అత్తే గానీ రాజకీయం మా మామ ఆదినారాయణది. అత్త సంతకం చేసేది, మామ మాట్లాడేవాడు. అది మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచేది కాదు, అత్తతో సహా.

కొండారెడ్డికి తన భార్యను అధ్యక్షురాలిని చేయాలని ఉంది. ఒక పొద్దున జీపులో మా ఇంటికి వచ్చి, మామ పక్కన మంచం మీద కూర్చుని, మా చీనీ తోట వైపు, అంటే బత్తాయి చెట్ల వైపు చూశాడు. చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బోర్లు శివరాత్రి నాటికే గాలి ఊదాయి. చెట్లకు కొమ్మల చివర్ల నుంచి ఎండు దిగుతోంది. మా పుట్టిల్లు పులివెందుల. చీనీ చెట్ల మధ్యనే పెరిగాను. ఎండు మాను మొదట్లోకి దిగిందంటే ఇక గొడ్డలే దిక్కని నాకు తెలుసు. మామ అప్పటికే కట్టెల వ్యాపారిని పిలిపించి తోట చూపించాడు. వానల వరకూ ఆగే ఓపిక ఆ చెట్లకు లేదు. తోట పోతే ఊళ్ళో మాకు చేయడానికి పని ఉండదు. ప్రొద్దుటూరులో నా భర్త మహేష్ నడిపే పంపుసెట్ల కొట్టు మీదే ఇల్లంతా ఆధారపడాలి.

తన భార్య గెలిస్తే తోటకు రోజూ ట్యాంకర్లు తోలిస్తానని కొండారెడ్డి మాటిచ్చాడు. అత్త గడపలో నిలబడి కాలవ నీళ్ళ సంగతి అడిగింది. ఆయన నవ్వాడు. కాలవ మీ ఊరికి ముప్పై నాలుగు కిలోమీటర్లమ్మా, అంత దూరం పైపులు వేయడం ఎవరి తరం అన్నాడు. మామ అవునన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపడం నేను చూశాను. అందులో దాచిపెట్టినది మాత్రం ఆరోజు నాకు కనపడలేదు.

కొండారెడ్డి లెక్క తప్పేమీ కాదు. రేగడిపల్లె వెనక ఒక గుట్ట. గుట్టకు అవతల కొత్తకుంట. కాలవ వాళ్ళ వైపు. మా ఊరి నుంచి ఆ ఊరికి పోవాలంటే బస్సెక్కి జమ్మలమడుగు పోవాలి, అక్కడ ఇంకో బస్సు మారి గుట్టను చుట్టి రావాలి. ఫోన్లో మ్యాపును అడిగినా అదే దారి, అదే ముప్పై నాలుగు. గుట్ట మీద ఒకప్పుడు కాలిబాట ఉండేదట. మా అత్త ఈ ఇంటికి కోడలిగా రాకముందు, రెండు ఊళ్ళ గొడవల్లో, మామ వాళ్ళ అన్నను ఆ బాట మీదే చంపేశారు. మా ఊరివాళ్ళు బాటకు కంప కొట్టారు. ముళ్ళకంప అడ్డం పడిన దారిలో ఆ తర్వాత మా ఊరి మనిషి కాలు పెట్టలేదు. మేకలను కూడా ఆ దిక్కుకు పోనిచ్చేవాళ్ళు కాదు. ఆనాడు కొట్టుకున్నవాళ్ళు చాలామంది కాలం చేశారు. కంప మాత్రం పాతబడగానే కొత్తది పడేది.

ఎన్నిక వారం ఉందనగా క్యాంపు మొదలైంది. సభ్యులు అవతలి వర్గం చేతికి చిక్కకుండా ఊరికి దూరంగా పెట్టి, ఎన్నిక రోజు నేరుగా సమావేశంలో దించడం మా వైపు మామూలు. ఆడ సభ్యులకు తోడు ఒకరు పోవచ్చన్నారు. అత్తకు తోడుగా నేను వెళ్ళాను. బయలుదేరేటప్పుడు మామ అత్తతో ఒకే మాట అన్నాడు.

"కొత్తకుంట ఆయమ్మ గూడా వస్తాంది. ఆమె చేతి నీళ్ళు గూడా తాగొద్దు."

అత్త సరేనంది.

*

క్యాంపు విజయవాడ దగ్గర, కృష్ణ ఒడ్డున ఒక తోట బంగళాలో. నడిపేవాడు జమీర్, ప్రొద్దుటూరులో టూరిస్టు కార్లు తిప్పే మనిషి. కొండారెడ్డికి కుడిభుజం. మొదటిరోజే అందరి ఫోన్లూ తీసుకుని సంచిలో వేసుకున్నాడు.

అత్త పెన్నను తప్ప ఇంకో ఏటిని ఎరగదు. పెన్న అంటే మాకు ఇసుక, ఇసుకలో చెలమ. బంగళా వెనక మెట్లు దిగి కృష్ణను చూసినప్పుడు ఆమె కొంగు జారిన సంగతి కూడా మర్చిపోయింది. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా నీళ్ళు. ఊరికే, ఎవరూ తోడకుండా, ఎవరూ కాపలా లేకుండా. చాలాసేపు చూసి నన్నడిగింది:

"ఇన్ని నీళ్ళు ఎవురివి మ్మే?"

నేను ఆమె కొంగు సర్దాను.

జమీర్‌కు మా రెండు ఊళ్ళ కథ తెలియదు. ఆడవాళ్ళు కదా అని అత్తనూ నన్నూ అజ్మత్ బీనీ ఒకే గదిలో పెట్టాడు. అత్త తన మంచాన్ని గోడ వైపుకు ఈడ్చుకుని, వీపు ఇటు పెట్టి పడుకుంది. అజ్మత్ బీ ఆ వీపుతోనే మాట్లాడేది. తన కుట్టుమిషను, అల్లుడి సోమరితనం, మసీదు గోడ మీద కాపురం పెట్టిన పిల్లి, అన్నీ చెప్పేది. అత్త పలికేది కాదు. నాకు నవ్వొచ్చేది. అజ్మత్ బీ నాకు కన్ను గీటి, మీ అత్త బదులియ్యకపోయినా గోడ వింటాంది, అది చాలు నాకు అనేది. ఇద్దరికీ ఒకటే అలవాటు, ఆకూ వక్కా. అత్త తన అడకత్తెరతో ఈ పక్క వక్క కత్తిరించేది, ఆమె తన పెట్టె తెరిచి ఆ పక్క ఆకుకు సున్నం రాసేది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా నమిలేవాళ్ళు.

ఎన్నికకు ముందురోజు సాయంత్రం జమీర్ అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. అవతలి వర్గానికి మేమున్న తావు తెలిసిపోయింది. గిద్దలూరు దాటాక రోడ్డు మీద కార్లు పెట్టి కాచుకున్నారు. బస్సును ఆపి ఇద్దరు సభ్యులను దించుకుపోతే చాలు, ఎన్నిక వాళ్ళదే. ఆ ఇద్దరూ ఎవరో చెప్పనక్కర్లేదు. అందుకని రేపు పొద్దున విమానం, టికెట్లు తీసేశానన్నాడు. రోడ్డున నాలుగు వందల కిలోమీటర్లకు దగ్గర, ఎనిమిది గంటలు. ఆకాశంలో మూడు వందల పైచిలుకు, గంటా పావు.

అందరూ విమానం అనే మాట దగ్గరే ఆగిపోయారు. అత్త ఒక్కతే ఇంకోచోట ఆగింది.

"అదే విజయవాడ, అదే కడప గదప్పా. దూరమెట్ల తగ్గుతాది?"

జమీర్ ఓపిగ్గా చెప్పాడు. "ఆకాశంలో మలుపులుండవమ్మా. కొండొస్తే దాటుకుంటాది, ఏరొస్తే దాటుకుంటాది. నేల మీద మనమే చుట్టుకుంటా పోతాం."

ఆ రోజు భోజనం దగ్గర అత్త అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోవడం నేను గమనించాను.

*

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర అత్త సంచిని పట్టుకున్నారు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి అడకత్తెర బయటికి తీసి, ఇది లోపలికి పోదంది. అత్త అది తన తల్లిదంది. అమ్మాయి పాపం మెత్తగానే చెప్పింది గానీ ఇవ్వలేదు. అడకత్తెర ప్లాస్టిక్ డబ్బాలో పడింది. వక్కలు సంచిలోనే మిగిలాయి, కత్తిరించే దిక్కు లేక.

విమానం చిన్నది. రెక్కలు కిటికీల పైన, రెక్కలకు పెద్ద పంకాలు. అటు రెండు సీట్లు, ఇటు రెండు. టికెట్ల ప్రకారం అత్త కిటికీ దగ్గర, ఆమె పక్కనే అజ్మత్ బీ, వాళ్ళ వెనక కిటికీ దగ్గర నేను. అత్త లేచి సీటు మారబోయింది. బెల్టులు పెట్టుకునే వేళ అయింది, కదలకూడదంది విమానం అమ్మాయి. అత్త కిటికీకి అతుక్కుని కూర్చుంది.

పంకాలు తిరిగాయి. నేల జారడం మొదలైంది. ఒక్కసారిగా నేల మా కింద లేదు. నేను బీటెక్ చదివాను, విమానం ఎందుకు లేస్తుందో పరీక్షలో రాశాను. అయినా కృష్ణ ఒక్క మలుపులో మొత్తంగా కనపడేసరికి ముందు సీటును గట్టిగా పట్టుకున్నాను. నిన్న అంతులేదనుకున్న నీళ్ళు ఎవరో ఆరేసిన పంచెలా పడి ఉన్నాయి.

ఎత్తుకు పోయేకొద్దీ అత్తకు చెవులు పట్టేశాయి. రెండు అరచేతులూ చెవులకు అదిమి కళ్ళు మూసుకుంది. ఏదైనా నమిలితే పోతుందని విమానం అమ్మాయి చెప్పి వెళ్ళింది. అత్త దగ్గర నమలడానికేముంది? వక్కలున్నాయి, అడకత్తెర లేదు.

అజ్మత్ బీ పెట్టె తెరిచింది. ముందే కత్తిరించిన వక్క, ఆకు, సున్నం. చిలక చుట్టి, అరచేతిలో పెట్టి, అత్త ముందుకు చాచింది.  అత్త కళ్ళు తెరిచి ఆ చేతిని చూసింది. మా వైపు ఆకు తీసుకోవడం ఊరికే తీసుకోవడం కాదు. పగలో ఉన్నవాళ్ళు ఒకరి చేతి ఆకు ఒకరు నమిలితే ఆ పగ అక్కడితో సరి.

సీట్ల సందులోంచి చూస్తున్నాను. అత్త ఒక చెయ్యి చెవి మీద నుంచి దిగి, ఆగి, ఆకు తీసుకుంది. నమిలింది. కాసేపటికి రెండో చెయ్యి కూడా దిగింది.

*

కింద నల్లమల వచ్చింది. బస్సులో ఒక పూటంతా తినే అడవి, కాఫీ తాగినంతసేపట్లో వెనక్కి పోయింది. గిద్దలూరు దారి ఎక్కడో ఆ చెట్ల కింద దారప్పోగులా ఉంటుంది, దాని మీద కార్లు పెట్టుకుని మా కోసం కాచుకున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ నెత్తి మీదుగా మేము పోతున్నామని వాళ్ళకు తెలియదు. నాకు భయం పోయి గొప్పగా అనిపించింది.

కడప దగ్గరపడుతోందనగా విమానం నడిపేవాళ్ళ గొంతు వినిపించింది. విన్న జమీర్ ముఖం పాలిపోయింది. రాత్రి కురిసిన వాన తాలూకు మబ్బు విమానాశ్రయం మీద నుంచి ఇంకా లేవలేదు. లేచేదాకా చుట్టూ తిరగాలి. లేవకపోతే హైదరాబాదుకు తిప్పుతారు. సమావేశం పదకొండుకు. హైదరాబాదు పోతే అంతా అయిపోయినట్టే.

విమానం పడమటికి ఒరిగింది. ఆ వైపు మబ్బు లేదు, కడిగినట్టుంది. నా కిటికీ నిండా నేల వచ్చి నిలబడింది.

ముందు కనపడింది చీలిక. ఎర్రటి కొండను ఎవరో గొడ్డలితో ఒక్క దెబ్బ కొట్టినట్టు. అడుగున సన్నటి పచ్చటి నీటిచార. అత్త అజ్మత్ బీ మోచెయ్యి పట్టుకుని అదేందని అడిగింది.

"గండికోటక్కా. పెన్న కొండను కోసుకొని పోయిన తావు."

"అంత కొండనా? ఆ ఇసకేరా?"

ఎప్పుడో ఒక నాలుగు రోజులు పారి మిగతా ఏడంతా ఇసుకై పడుండే మా పెన్న. అది కొండను కోసిందని చిన్నప్పటి నుంచీ విన్నాను, గండికోటకు రెండుసార్లు పోయి అంచున నిలబడి సెల్ఫీలు కూడా దిగాను. పై నుంచి చూసేదాకా నమ్మలేదని అప్పుడు తెలిసింది. ఎన్ని వేల ఏళ్ళు పట్టిందో, ఎంత ఓపికతో కోసిందో.  రాత్రంతా పేకాడి అలసిపోయిన సభ్యులు కూడా కిటికీలకు ముఖాలు ఆనించారు.

తర్వాత జలాశయం, తర్వాత జమ్మలమడుగు, వంతెన, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు. అక్కడి నుంచి అత్త వేలు కిటికీ మీద బస్సు దారి పట్టుకుంది. మాకు తెలిసిన దారి అదొక్కటే. బండల పాలిష్ షెడ్లు, తెల్లటి పొడి కుప్పలు, స్కూలు, మా ఊరు. ఊరికి ఈ కొసన పసుపుపచ్చగా ఎండిన చదరం. మా తోట. అంత ఎత్తు నుంచి కూడా అది జబ్బు మనిషిలా కనపడింది.

ఊరి వెనక ఏదో చిన్న గడ్డలాంటిది. దానికి అవతల ఆకుపచ్చ గుమ్మటం, గుమ్మటం పక్కన ఇళ్ళు, ఇళ్ళను ఒరుసుకుంటూ నిండుగా మెరిసే నీటిగీత.

"అది మా మసీదక్కా," అంది అజ్మత్ బీ. "ఆ పక్క మా కాలవ."

అత్త నమలడం ఆపింది. బస్సు దారి గుట్ట చుట్టూ ఎంత దూరం తిరిగిందో వేలితో మళ్ళీ గీసింది, జమ్మలమడుగు దాకా పోయి, మలుపు తిరిగి, వెనక్కి వచ్చి. తర్వాత బొటనవేలు ఎత్తి అద్దం మీద పెట్టింది. గుట్ట ఆమె గోరు కింద మాయమైపోయింది. గోరుకు ఇటు మా ఊరు, అటు వాళ్ళ ఊరు.

"ఇంతేనా?" అంది. ఎవరితో అందో తెలియదు.

"మీదీ మాదీ ఒకే ఊరి మాదిరుండాది గదక్కా."

అత్త వేలు తీయలేదు. కాలవ యాడిదాకా పోతాదని అడిగింది. మా ఊరి కాడికే సరి అంది అజ్మత్ బీ. మిగిలిన నీళ్ళు వంకలో పడి, వంకలోంచి పెన్నలో కలుస్తాయి. ఎవరికీ పనికిరావు. మూడేండ్లుగా అంతే.

"మూడేండ్లుగా మా తోటలెండుతాంటే ఈ నీళ్ళు ఊరికే పోతాండాయా? మీరెవురూ ఒక మాట చెప్పల్యా?"

అజ్మత్ బీ గొంతు తగ్గించింది. "ఎట్ల చెప్తామక్కా? మీ దారికి కంప ఉండాది గదా."

విమానం ఇంకో చుట్టు తిరిగింది. మళ్ళీ గండికోట, మళ్ళీ జమ్మలమడుగు, మళ్ళీ ఆ రెండు ఊళ్ళు. రెండోసారి చూసేటప్పుడు అత్త ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తన చెయ్యి చాచి ఇంకో ఆకు అడిగింది.

ఆ చిన్న సంగతిని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎన్నిక ఫలితం ఆ చుట్టులో తేలిపోయిందని ఇప్పుడు అనుకుంటాను.

*

మూడో చుట్టులో మబ్బు లేచింది. దిగాం. కార్లు సిద్ధంగా ఉన్నాయి. ఎర్రగుంట్ల దారిలో అవతలివాళ్ళు ఉన్నారని కబురొచ్చింది. జమీర్ కార్లను చెన్నూరు వైపు తిప్పి, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు పట్టించాడు. స్పీడోమీటరు ముల్లు చూడటం నేను మానేశాను.

ప్రొద్దుటూరులో పెట్రోలు బంకు దగ్గర మహేష్ మా కారెక్కాడు. మామ మాట మోసుకొచ్చాడు: చెయ్యి కొండారెడ్డి భార్యకే, అనుమానం వద్దు. అత్త ఆ మాట విననట్టే ఇంకో ప్రశ్న వేసింది. కొత్తకుంట కాలవ నుంచి గుట్ట మీదుగా మన ఊరికి పైపేస్తే నీళ్ళెక్కుతాయా అని.

పంపుల వ్యాపారం చేసే మనిషికి అది క్షణం పట్టని లెక్క. మహేష్ మాత్రం అజ్మత్ బీని చూశాడు, నన్ను చూశాడు, డ్రైవరును చూశాడు.

"ఎక్కుతాయిమా. పైన మూడు కిలోమీటర్లు గూడా లేదు. మోటారు పెడితే సులువుగా ఎక్కుతాయి."

"నీకు ముందే తెల్సునా?"

"తెల్సు. నాయనతో గుట్ట మాటెత్తే ధైర్యం ఎవురికుండాదిమా?"

"మీ నాయన చిన్నప్పుడు ఆ గుట్ట మీదనే తిరిగినాడంట గదా," అంది అత్త నిదానంగా. "ఆయప్పకు తెల్దా?"

మహేష్ కిటికీలోంచి బయటికి చూశాడు. కొండారెడ్డి ముందు మామ తల ఊపడం నాకు గుర్తొచ్చింది. మామకు తెలుసు. ముప్పై నాలుగు కిలోమీటర్లనేది ఆయనకు అవసరమైన దూరం.

*

మండలాఫీసు ముందు జనం, పోలీసులు, రెండు వర్గాల జీపులు. తలుపులు మూసే వేళకు చేరాం. గేటు దగ్గర మామ తెల్లబట్టల్లో నిలబడి ఉన్నాడు. అత్తా అజ్మత్ బీ పక్కపక్కనే నడుచుకుంటూ ఆయన ముందు నుంచి పోయారు. ఇద్దరి పెదవులూ ఒకే ఎరుపు. మామ ఆ ఎరుపును చూశాడు. అత్త కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపలికి సభ్యులనే పంపారు. మేము కిటికీల దగ్గర మూగాం. ఎన్నిక జరిపే ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని, కొండారెడ్డి భార్య పేరు చదివి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నాడు. ఐదు చేతులు లేచాయి. ఆయన రెండోసారి లెక్కపెట్టాడు. ఐదే. కొండారెడ్డి నా పక్క కిటికీ ఊచలు పట్టుకుని ఊగిపోయాడు. అవతలి వర్గం అభ్యర్థి పేరు చదివారు. అక్కడా ఐదే. అత్త చెయ్యీ అజ్మత్ బీ చెయ్యీ ఒళ్ళోనే ఉన్నాయి.

మీరు ఎత్తకపోతే చీటీ తీయాల్సి వస్తుందమ్మా అన్నాడు ఆఫీసరు. అత్త లేచి నిలబడింది. మా పెళ్ళిలో కూడా ఆమె నలుగురిలో గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు.

"ఎత్తడానికే లేసినా సార్. గుట్ట మీదుగా కాలవ నీళ్ళు రేగడిపల్లెకు తెస్తామని ఈ జనం ముందర ఎవురు ఒప్పుకుంటే, వాళ్ళకు మా ఇద్దరి చేతులూ లేస్తాయి."

అజ్మత్ బీ కూర్చునే అంది. "మా ఊరి వైపు ఎవురూ అడ్డం రారు. నాదీ మాట."

ఇక్కడ షరతులు పెట్టకూడదని ఆఫీసరు ఏదో చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. కిటికీల దగ్గర ఉన్న జనమంతా వెనక్కి తిరిగారు. అభ్యర్థుల వైపు కాదు, గేటు వైపు, మా మామ వైపు. ఆ గుట్ట మీద మాట చెప్పాల్సినవాడు ఒక్కడేనని అందరికీ తెలుసు.

కొండారెడ్డి మామ దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను. అన్నా, నీకు సమ్మతం కాకుండా నేను ఒప్పుకుంటే రేపు రెండు ఊళ్ళూ నా మెడకు చుట్టుకుంటాయి అన్నాడు. గడియారం చూసుకున్నాడు. కనీసం మీ ఇంటామెకు ఒక మాట చెప్పన్నా, చెయ్యెత్తమని, గుట్ట సంగతి తర్వాత మాట్లాడుకుందామని బతిమాలాడు.

మామ గేటు మీద చెయ్యి ఆనించుకుని ఉన్నాడు.  ఒక పోలీసాయన దగ్గి, ఆ దగ్గు కూడా మధ్యలో ఆపుకున్నాడు. నేను మామ ముఖం చూడలేక ఆయన చేతినే చూశాను. వేళ్ళు తెల్లబడేలా గేటు చువ్వను పట్టుకుని, మెల్లగా వదిలాయి.

"చెయ్యి ఆమెది," అన్నాడు. "నన్నడుగుతావేంది?"

గుట్ట గురించి ఒక్క మాట కూడా అనలేదు. వద్దని కూడా అనలేదు. కొండారెడ్డి ఆ మౌనాన్ని ఒకసారి పరీక్షగా చూసి, కిటికీ దగ్గరికి తిరిగొచ్చి, ఊచల్లోంచి తల పెట్టి, అందరికీ వినపడేలా ఒప్పుకున్నాడు. ఆఫీసరు ఆయన్ను బయటికి గెంటమని పోలీసులకు చెప్పేలోపు రెండు చేతులు ఒకేసారి లేచాయి.

*

మూడు వందల కిలోమీటర్లు గంటా పావులో దాటాం. మూడు కిలోమీటర్లు దాటడానికి నెలన్నర పట్టింది. కొండారెడ్డి మాట మార్చాలని ఒకటి రెండుసార్లు చూశాడు గానీ, ప్రతిసారీ ఇద్దరు ఆడవాళ్ళు కలిసి మండలాఫీసు మెట్ల మీద కూర్చుని ఆకు నములుతూ కనపడేవాళ్ళు. పైపులు వచ్చాయి. రెండు ఊళ్ళ కూలీలూ చెరో వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి గుట్ట నెత్తిన కలిశారు. కంపను ఎవరూ పండగ చేసి తీయలేదు. అడ్డంగా ఉందని పక్కకు లాగి, టీ కాచుకోవడానికి వాడుకున్నారు.

మోటారు వేసిన రోజు ఊరంతా గుట్ట అడుగున చేరింది. పైపుకు చెవి ఆనించాను. ముందు గాలి, తర్వాత దూరంగా ఏదో పాకుతున్నట్టు, తర్వాత ఉరుము. నీళ్ళు కొండెక్కి దిగుతున్న చప్పుడు అది. ముసలివాళ్ళు చెప్పులు విడిచి నిలబడ్డారు. మా తోటలో మూడో వంతు చెట్లు అప్పటికే పోయాయి. మిగతావి పచ్చబడ్డాయి.

మామ ఆ రోజు రాలేదు. అంతకుముందు కూడా గుట్ట వైపు తొంగిచూడలేదు. అత్తతో తగవు పెట్టుకోలేదు, మాట కలపనూ లేదు. అన్నం పెడితే తినేవాడు.

నీళ్ళొచ్చిన వారానికి, సాయంత్రం పూట, నేను తోటలో పాదులు కడుతుంటే ఆయన గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. నీళ్ళు పాదు నిండి ఇంకో పాదులోకి పోవడం చూస్తూ ఉండిపోయాడు. అత్తను అడగలేకపోయాడు గనక నన్ను అడిగాడని నా అనుమానం.

"విమానంలోంచి గుట్ట బాగా కనపడినాదంట గదమ్మా."

కనపడింది మామా అన్నాను.

"పై నుంచి సూస్తే... మా అన్న పడిపోయిన తావు తెలుస్తాదా?"

పాదు నీళ్ళలో చెయ్యి కడుక్కున్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"తెలీదు మామా. ఆడ గుట్ట ఒకటే కనపడింది. ఇటొక ఊరు, అటొక ఊరు. అంతే."

ఆయన తల ఊపాడు. పాదులో నీళ్ళు నిండాయి. పార తీసుకుని తనే గండి కొట్టి పక్క చెట్టుకు మళ్ళించాడు. అలా నిలబడే, గుట్ట వైపు తిరిగి, చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఈ గట్టు మీద నుంచి కాలవ తావు దాకా పందెం వేసుకుని పరుగెత్తేవాళ్ళమని చెప్పాడు. అప్పుడు కాలవ లేదు, చింతచెట్లుండేవట. ఎప్పుడూ అన్నే ముందు చేరేవాడట.

ఎంతసేపు పట్టేది మామా అని అడిగాను.

"యాడమ్మా," అన్నాడు. "ఊపిరి తిప్పుకునే లోపలే ఆడుండేవాళ్ళం."